క్రోషే పౌచ్‌కు జిప్పు కుడితే వంకర్లు పోతోంది: మీరెలా కుడుతున్నారు?

నూలుకండె
అందరికీ నమస్కారం. కాటన్ దారంతో, 2.5 మి.మీ. కొక్కెం సూదితో కళ్లజోడు, ఫోను పట్టేంత పౌచ్ ఒకటి అల్లాను. అల్లిక చూసినవాళ్లంతా బాగుందన్నారు. చిక్కంతా జిప్పు దగ్గరే. మిషను మీద వేస్తే అంచు సాగిపోయి జిప్పు మెలికలు తిరుగుతోంది. విప్పి కుట్టినా అదే వరస. ఇంట్లో ఉన్నది మా అత్తగారి కాలి మిషను, సాదా కుట్టు తప్ప ఇంకేమీ రాదు. గుడ్డ పౌచ్‌లు కూడా కుట్టాలని ఉంది. ముందు అవి నేర్చుకుని తర్వాత దీని సంగతి చూడమంటారా? లోపల లైనింగ్ వేయాలా వద్దా అన్నది రెండో సందేహం.

మిద్దెమీద మిషను
మిషను తప్పు కాదు, మీ తప్పు అంతకన్నా కాదు. క్రోషే అల్లిక సాగుతుంది, జిప్పు పట్టీ సాగదు. పాదం పైనుంచి అదుముతుంటే కింద పళ్లు అల్లికను ముందుకు లాగుతుంటాయి. సాగిన అల్లికను సాగని పట్టీకి బిగించి కుట్టాక ఆ మిగులు ఎక్కడికి పోతుంది? వంకర్లుగా తేలుతుంది.

నా పద్ధతి ఇది. జిప్పును అల్లికకు అసలు మిషను మీద కుట్టను. ముందు లైనింగ్ గుడ్డతో, పౌచ్ కొలతకు, జిప్పుతో సహా ఒక సంచీ మిషను మీద కుట్టేస్తాను. గుడ్డా జిప్పూ రెండూ సాగవు కాబట్టి తిన్నగా వస్తుంది. ఆ సంచీని అల్లిన పౌచ్‌లోకి దించి, జిప్పు పట్టీ అంచును అల్లిక పై వరుసకు చేతిసూదితో కుడతాను. ముందుగా గుండుసూదులు పెట్టేటప్పుడు రెండు చివరలూ, నడిమధ్యా గుచ్చి, తర్వాత మధ్య మధ్య భాగాలు గుచ్చండి. ఒక చివర నుంచి మొదలుపెట్టి గుచ్చుకుంటూ పోతే రెండో చివర దగ్గర అల్లిక మిగిలిపోతుంది. కుట్టు వెనక్కి వేసి ముందుకు లాగే బఖియా కుట్టు అయితే గట్టిగా ఉంటుంది, పైకి కనిపించదు.

లైనింగ్ గురించి: క్రోషేకు కావాల్సిందే. తాళంచెవి, పెన్ను కొస అల్లిక కళ్లలోంచి బయటికి వస్తాయి.

పాలకొల్లు వంతెన
మిషను గారు చెప్పింది నిజం. దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. అల్లిక పూర్తయ్యాక తడిపి, మెత్తని దుప్పటి మీద పరిచి, కావలసిన కొలతకు లాగి చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరనివ్వండి. ఆరాక కొలిచి అప్పుడు జిప్పు కొనండి. తడపకుండా కొలిచిన కొలత మొదటి ఉతుకులో మారిపోతుంది. జిప్పు వచ్చే అంచున ఆఖరి వరుస సింగిల్ క్రోషే (పొట్టిగా, బిగువుగా వచ్చే కుట్టు) వేయండి, అదీ ఒక సైజు చిన్న సూదితో. అంచు బిగుసుకుని సాగడం చాలావరకు ఆగుతుంది.

మాది నర్సాపురం పక్క. క్రోషే అన్న మాట మా ఇళ్లలో వినపడదు, మాకది లేసు. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ మిషనరీలు నేర్పిన పని అంటారు. ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద సాగుతోంది. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేసేవాళ్లు వేరు. మొదటిది చేతిపని, రెండోది అతుకుపని. మా అమ్మమ్మ అతుకుపనిలో దిట్ట. ఎవరి చేతిలో దారం ఎంత బిగువుగా ఉందో పువ్వు పట్టుకుని చెప్పేసేది. వదులు చేతి పువ్వులు ఒక కుప్ప, బిగువు చేతి పువ్వులు ఒక కుప్ప వేసి, కలగలపకుండా అతికేది. జిప్పు పౌచ్‌కూ ఇదే వర్తిస్తుంది. ముందు పలక ఒక వారం, వెనక పలక నెల తర్వాత అల్లితే రెండూ ఒక కొలతకు రావు. వరసగా కూర్చుని అల్లండి.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మంచిదే. కానీ ఆ దుప్పట్లు విదేశాల్లో పలికే ధరకూ, అల్లిన చేతికి ముట్టే కూలికీ మా చిన్నప్పటి నుంచీ పొంతన లేదు. ఇక్కడ అందరం సరదాకు అల్లుతున్నాం కాబట్టి ఈ మాట అనకుండా ఉండలేకపోయాను.

రన్నర్ల డబ్బా
జిప్పు గురించి నేను చెప్తాను, ఎందుకంటే నా డబ్బాలో దారాల కన్నా రన్నర్లే (జిప్పును తెరిచి మూసే పిడులు) ఎక్కువ.

రెడీమేడ్ జిప్పులు ఒక్కొక్కటి కొనకండి. నైలాన్ జిప్పు మీటర్ల లెక్కన దొరుకుతుంది, రన్నర్లు విడిగా ఇస్తారు. 3 నంబరు సన్నం, 5 నంబరు మధ్యరకం, 8, 10 సంచులకూ సూట్‌కేసులకూ. మూసినప్పుడు పళ్ల వెడల్పు దాదాపు అన్ని మిల్లీమీటర్లు ఉంటుంది, నంబరు అదే. 5 నంబరు పట్టీకి 5 నంబరు రన్నరే పట్టాలి. 3 నంబరుది అసలు ఎక్కదు, 8ది ఎక్కినా వెనకాల పళ్లు విడిపోతాయి. చిన్న పౌచ్‌కు 3 చాలు, రోజూ బ్యాగులో తిరిగేదానికి 5 వేయండి.

రన్నరు ఎక్కించడమే చాలామందికి చుక్కలు చూపిస్తుంది. వంటింట్లోంచి ఒక ఫోర్కు తెచ్చుకోండి. రన్నరుకు ఒక వైపు రెండు నోళ్లు, రెండో వైపు ఒకటే ఉంటుంది. ఆ ఒక్కటి ఉన్న వైపును ఫోర్కు పంటికి తొడిగి, ఫోర్కును బల్లకు ఆనించి పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ. పట్టీ రెండు చివరలూ సమానంగా కత్తిరించి, చెరో నోట్లోకి ఒకేసారి దూర్చి లాగాలి. ఒకటి ముందు, ఒకటి వెనక వెళితే మూసినప్పుడు జిప్పు చివర ఒక పక్క పొడవుగా కనిపిస్తుంది.

కాలి మిషనుకు ఒంటి పాదం (ఒక వైపే వేలు ఉండే జిప్పు పాదం) అడగండి, కుట్టు సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. పళ్లకు ఆనుకుని కుట్టాలంటే అది తప్పదు. లోహపు జిప్పు మీద నుంచి మాత్రం సూదిని పోనివ్వకండి, విరిగి కంట్లోకి ఎగురుతుంది. నైలాన్ అయితే చక్రం చేత్తో తిప్పుతూ దాటించవచ్చు.

కృష్ణా కాలువ గట్టు
గుడ్డ పౌచ్ ముందా, క్రోషే పౌచ్ ముందా అని అడిగారుగా. గుడ్డదే. అందులో జిప్పు ఒకటే కొత్త, మిగతాదంతా తలగడ గలీబు కుట్టినంత పని.

పైగుడ్డ మంచివైపు జిప్పు ముఖానికి ఆనించి, జిప్పు వీపుకు లైనింగ్ మంచివైపు ఆనించి, మూడూ కలిపి ఒక కుట్టు. తిప్పి ఇస్త్రీ చేసి పైన ఇంకో కుట్టు. రెండో వైపూ ఇంతే. తర్వాత పైగుడ్డ పైగుడ్డకు, లైనింగ్ లైనింగ్‌కు ఎదురెదురుగా పెట్టి చుట్టూ కుట్టు, లైనింగ్ అడుగున మూడు వేళ్లు పట్టేంత ఖాళీ వదలాలి. ఈ చుట్టూ కుట్టు వేసే ముందు జిప్పు సగం తెరిచి ఉంచారా లేదా అన్నది రెండుసార్లు చూసుకోండి. మూసి కుట్టేస్తే తిప్పే దారే ఉండదు, లోపలి నుంచి తడుముకుంటూ రన్నరు లాగాల్సి వస్తుంది. చుట్టూ కుట్టేటప్పుడు జిప్పు పళ్లు లైనింగ్ వైపుకు వాలేలా మడిస్తే బయట మూలలు పొందికగా వస్తాయి.

పెడన కలంకారీ ముక్కలతో కుడుతుంటాను నేను. నూలు గుడ్డ ఏదైనా ముందు తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి, లేకపోతే పైగుడ్డ కుంచించుకుపోయి లైనింగ్ బయటికి తన్నుకొస్తుంది. గుడ్డ పలచగా ఉంటే వెనక ఇస్త్రీతో అంటుకునే క్యాన్వాస్ వేయండి. ఒక పొర గుడ్డకు 14 నంబరు సూది చాలు, క్యాన్వాస్ పడితే 16.

చిలకపచ్చ
లైనింగ్ తప్పనిసరి అన్న మాట నేను ఒప్పుకోను. క్రోషేకు సరే. గుడ్డ పౌచ్‌కు మాత్రం లోపలి అంచులకు పట్టీ చుట్టి కుడితే శుభ్రంగా ఉంటుంది, సగం సమయంలో అయిపోతుంది. రంగు పెన్సిళ్లు వేసుకునే పిల్లల పౌచ్‌కు లైనింగ్ ఎందుకు? వారం తిరిగేసరికి లోపలంతా రంగు మరకలే. ఒంటిపొర అయితే తిరగేసి ఉతికేయవచ్చు.

కృష్ణా కాలువ గట్టు
పెన్సిళ్లకు అయితే మీ మాటే. మందులు, చెవిపోగులు పెట్టుకునే పౌచ్‌కు మాత్రం అంచు పట్టీలో పోగు తగులుకుంటుంది. నేను లైనింగ్ మానను.

అట్లాంటా అక్క
ఇంటర్నెట్‌లో నమూనాలు చూసి అల్లేవాళ్లకు ఒక సంగతి. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనే కుట్టునే ఇంగ్లండు వాళ్లు డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ వాళ్లకు ట్రెబుల్. నమూనాలో ఎక్కడైనా సింగిల్ అని కనిపిస్తే అది అమెరికా లెక్క, ఇంగ్లండు లెక్కలో ఆ పేరే లేదు. ఇది చూసుకోకుండా అల్లితే అరచేతి పౌచ్ కాస్తా మూరెడు సంచీ అవుతుంది. దారం చుట్ట మీద రాసిన సూది సైజు కూడా అక్షరాల్లో కాకుండా మిల్లీమీటర్లలో చూడండి.

పింఛనుదారు
మగవాణ్ణి కూడా ఉన్నానండీ ఇక్కడ. ఉద్యోగ విరమణ తర్వాత మా కోడలు నేర్పింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని అల్లుతుంటే ఎదురుసీటు వాళ్లు మొదట మొహాలు చూసుకుంటారు, కాసేపటికి వాళ్లే నమూనా అడుగుతారు. నాలాంటి వయసు వాళ్లకు ఒక మాట: సూదిని కలంలా పట్టుకుంటే నాకు బొటనవేలి కీలు నొప్పి పుట్టేది, కత్తి పట్టుకున్నట్టు పైనుంచి పట్టుకున్నాక తగ్గింది. పిడి లావుగా ఉన్న సూదులు దొరుకుతున్నాయి, అవి ఇంకా నయం. నల్ల దారం రాత్రిపూట ముట్టుకోకండి, కళ్లు కనిపించక కుట్టు లెక్క తప్పుతుంది.

మిద్దెమీద మిషను
కోడలు గురువు, మామగారు శిష్యుడు. ఇలాంటి ఇల్లు చూడముచ్చటగా ఉంటుంది బాబాయి గారూ.

గళ్లచీర
అమ్మకాల ఊసు ఎవరూ ఎత్తలేదేమిటి? గుడ్డ పౌచ్‌లు మా అపార్ట్‌మెంట్‌లో నవరాత్రులకు తాంబూలంతో పాటు ఇచ్చేందుకు అడుగుతారు. ఒకే కొలతవి పది ఒకేసారి కత్తిరించి, జిప్పులన్నీ ఒకేసారి వేసి, చివరి కుట్లన్నీ ఒకేసారి వేస్తే గిట్టుబాటు అవుతుంది. ఒక్కొక్కటిగా కుడితే కాదు. ధర చెప్పేటప్పుడు గుడ్డ, జిప్పు, క్యాన్వాస్, దారం అన్నీ కలిపి, మీ గంటలకు కూలి కూడా వేసి చెప్పండి. గంటల లెక్క వదిలేసేవాళ్ల వల్ల మిగతావాళ్ల ధర కూడా పడిపోతోంది.

క్రోషే పౌచ్‌లు మాత్రం నేను అమ్మను. నిజమైన క్రోషే అల్లే మిషన్లు ఇంకా బజారులోకి రాలేదు, బజారులో కనిపించే మిషను లేసు దాన్ని పోలిన వేరే అల్లిక. ప్రతి కుట్టూ చేత్తో వేయాల్సిందే. దానికి తగిన ధర చెప్తే "దారమే కదా" అంటారు. ఆ మాట పడేకన్నా మనసైన వాళ్లకు ఊరికే ఇస్తాను.

పాలకొల్లు వంతెన
"దారమే కదా" అన్నవాళ్ల చేతికి సూదీ దారం ఇచ్చి ఒక పువ్వు అల్లమనాలి. అయినా ఊరికే ఇవ్వడం కూడా నాకు నచ్చదు గళ్లచీర గారూ. ఊరికే వచ్చినదాన్ని ఊరికే ఉన్నట్టే చూస్తారు. ధర చెప్పండి, కొనకపోతే పోనివ్వండి.

నూలుకండె
ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. లైనింగ్ సంచీ విడిగా కుట్టి చేతిసూదితో అతికాను, జిప్పు తిన్నగా కూర్చుంది. ఒంటి పాదం కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు గుడ్డతో అడుగు వెడల్పుగా ఉండే పౌచ్ కుట్టాలని ఉంది, బల్ల మీద నిలబడేది. మూలల్లో చతురం ఎంత కత్తిరించాలో లెక్క తేలడం లేదు. అంగుళంన్నర కత్తిరిస్తే అడుగు మూడంగుళాలు రావాలి కదా, రాదంటున్నారు.

కృష్ణా కాలువ గట్టు
వస్తుంది. చతురాన్ని గుడ్డ అంచు నుంచి కొలిచి, పక్క, అడుగు, మూల కుట్లన్నీ ఒకే వెడల్పుగా వేస్తే కుట్టుకు పోయే గుడ్డ లెక్క సరిపోతుంది. అన్నీ పావు అంగుళం కుట్లే అయితే ఒకటిన్నరను రెట్టింపు చేయండి, మూడు అంగుళాల అడుగు వస్తుంది. అడుగు మూడంగుళాలు అనుకుంటే, పది అంగుళాల వెడల్పు గుడ్డలో పక్క కుట్లకు అర పోతుంది, అడుగుకు మూడు పోతుంది, మిగిలేది ఆరున్నర అంగుళాల పౌచ్. ఎత్తులో కూడా అడుగులో సగం, అంటే అంగుళంన్నర తగ్గుతుంది. లైనింగ్‌కు కూడా ఇవే చతురాలు కత్తిరించండి. మూల కుట్టేటప్పుడు పక్క కుట్టూ అడుగు కుట్టూ ఒకదాని మీద ఒకటి వస్తాయి. వాటి మడతలు చెరో వైపుకు వాల్చండి, అక్కడ దిమ్మ కట్టదు.