రోడ్డు కింద పోసిన మెరక మట్టి ఖర్చు భూమిలో చూపాలా, రోడ్డులో చూపాలా?

గుంటూరు దగ్గర మిర్చి గ్రేడింగ్ చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. నిరుడు 2 ఎకరాలు 1 కోటి 20 లక్షలకు కొన్నాం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ 9 లక్షలు భూమి ధరలోనే కలిపాను, దాంట్లో గొడవ లేదు.

పల్లపు నేల కావడంతో 3 అడుగుల మెరక తోలించాం. మెరక, ప్రహరీ, సిసి రోడ్డు మూడింటికీ కాంట్రాక్టర్ 38 లక్షలకు ఒకటే బిల్లు ఇచ్చాడు. టాలీలో (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) మొత్తం భూమి ఖాతాలో వేశాను, నా తప్పే. భూమికి తరుగుదల (ఆస్తి విలువను ఏటా కొంత ఖర్చుగా రాయడం) ఉండదు కాబట్టి లాభం ఎక్కువగా కనిపిస్తోందని ఆడిటర్ విడదీయమన్నారు.

కాంట్రాక్టర్ పని కొలతలు రాసే కొలతల పుస్తకం తెప్పించి విడదీశాను: మెరక 16, ప్రహరీ 12, రోడ్డు 10 లక్షలు. కంపెనీల చట్టం 2013 షెడ్యూల్ 2 ప్రకారం సిసి రోడ్డుకు 10 ఏళ్ల ఆయుష్షు పెట్టాను. స్థిరాస్తుల లెక్కల ప్రమాణం ఏఎస్ 10 రెండుసార్లు చదివాను. స్థలం సిద్ధం చేసే ఖర్చు ఆస్తి విలువలో కలపాలని ఉంది, కానీ ఇక్కడ ఆ ఆస్తి భూమా, రోడ్డా? మెరకలో సుమారు 4 లక్షల మట్టి రోడ్డు కిందే ఉంది. సీనియర్లను అడిగితే ఒకరు భూమి అన్నారు, ఇంకొకరు రోడ్డు అన్నారు. ఆడిట్ సంతకాలు దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

ఈ 4 లక్షలను తరుగుదల లేకుండా భూమిలోనే ఉంచాలా, రోడ్డుతో పాటు 10 ఏళ్లలో రాసేయాలా?