ఈశాన్య రుతుపవనాల లోపు మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్: పాత కోటింగ్ మొత్తం గీకాలా?

మాది కావలి వైపు. 1,100 చదరపు అడుగుల మిద్దె, స్లాబు వేసి 18 ఏళ్లు. మన నెల్లూరు జిల్లాకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కాబట్టి సెప్టెంబరు ఎండలుండగానే పని తేల్చాలి.

పిట్టగోడ స్లాబుతో కలిసేచోట పొడుగునా వెంట్రుకవాసి పగులు. దాన్ని 10 మిల్లీమీటర్ల లోతున వి ఆకారంలో కొట్టించి, దుమ్ము ఊది, తడిపి, పాలిమర్ (జిగురులాంటి ద్రవం) కలిపిన 1:3 సిమెంటు ఇసుకతో పూడ్చి, ఆ మూలంతా ఏటవాలుగా తీర్పించాలని ఉంది. ఉత్త సిమెంటు పాలు పొయ్యమని మాత్రం చెప్పొద్దు. పగటి ఎండకు స్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, అదే గీత మళ్లీ తెరుచుకుంటుంది.

చిక్కంతా పాత కోటింగుతోనే. ఈశాన్యం మూల గోరుతో గీకితే పెచ్చులుగా లేస్తోంది, నడిమధ్య గట్టిగా ఉంది. ప్లాస్టిక్ పట్టా ముక్కను నాలుగువైపులా టేపుతో అంటించి తెల్లారి ఎత్తితే కింద చెమట. అంటే లోపల తడి ఆరలేదు.

గట్టిగా ఉన్నది ఉంచి, లేచినచోట మాత్రం వైరు బ్రష్‌తో గీకి కొత్తది రెండు పూతలు వేస్తే అతుకు దగ్గర విడిపోదా? మూలల్లో ఫైబర్ మెష్ (సన్న వల గుడ్డ) మొదటి పూత తడి మీదే పరవాలా, ఆరాకా? తూము ఒక్కటే, 3 అంగుళాలది, వేపాకు రాలితే మూసుకుపోతుంది. 4 అంగుళాలది ఇంకొకటి పెట్టాలంటే పిట్టగోడ తొలిచాక పైపు చుట్టూ సందు దేనితో మూస్తే నిలుస్తుంది?

అన్నట్టు వంటింట్లో స్లాబు అడుగున పెచ్చు ఊడి తుప్పు కమ్మి కనిపిస్తోంది. ముందు అది బాగుచేయించాలా, పైపని అయ్యాకా?