తల్లికి వందనం డబ్బు ప్రైవేటు బడి పిల్లలకు కూడా ఇవ్వాలా?

నాలుగో లైను (బ్రాడీపేట)
బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే అమ్మఒడి 2020 జనవరిలో వచ్చినప్పటి నుంచీ అడుగుతున్నా. 2025 జూన్‌లో తల్లికి వందనం అయ్యాక మళ్లీ అడుగుతున్నా. పిల్ల గవర్నమెంటు స్కూల్లో చదివినా ప్రైవేటులో చదివినా తల్లి ఖాతాలో ఒకటే మొత్తం. నేను గుంటూరు పక్క మండలంలో గవర్నమెంటు ప్రాథమిక బడి టీచర్ని (ఎస్జీటీ). వేసవిలో మేం ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పంపమని బతిమాలుతాం. అదే ప్రభుత్వం పక్క సందులోని ప్రైవేటు బడికి ఫీజు సర్దుతోంది. ఇదేం న్యాయం?

ఆటోనగర్ షాఫ్టు
మేడమ్, డబ్బు బడికి ఇవ్వట్లేదు, తల్లికి ఇస్తున్నారు. బిడ్డను ఎక్కడ వేయాలో తల్లి ఇష్టం. నాకు లేత్ షాపు ఉంది. నా పని నచ్చనివాడు పక్క షాపుకు పోతాడు. కాళ్లు పట్టుకుని ఆపను, పని బాగు చేసుకుంటా. మీ బడి బాగుంటే ఎండలో ఇంటింటికీ తిరగడం దేనికి?

కృష్ణలంక కట్ట
తల్లికి పడేది 13 వేలు. 15 కాదు.

నాలుగో లైను
15 అని ఎవరన్నారండీ?
షాఫ్టు గారూ, మీ షాపులో బేరం ఒకటి తగ్గితే మిగతావాళ్ల పని త్వరగా అవుతుంది. మా దగ్గర పిల్లలు తగ్గితే టీచర్ పోస్టే పోతుంది. విద్యా హక్కు చట్టం లెక్కలో ప్రాథమిక బడిలో అరవై మంది దాకా ఇద్దరే టీచర్లు. తరగతులేమో ఐదు. ఒకరు సెలవు పెడితే ఒక్కరే. మధ్యలో ఎన్నికల పని, యాప్‌లో హాజరు, భోజనం ఫొటోలు. ఆ మధ్య మరుగుదొడ్ల ఫొటోలు కూడా మేమే తీసి పంపాం. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ అదే గదిలో ఐదుకు భిన్నాలు చెప్పాలి. మీ వాణ్ని తీసుకెళ్తే మీకు మేలేమో. మిగిలినవాళ్లకు ఉన్న టీచరు కూడా పోతుంది.

మిర్చి యార్డు
ప్రైవేటు అంటే పసుపు బస్సు, టై. బెల్టూ బూట్లూ గవర్నమెంటు కూడా ఇస్తోంది.

ఆటోనగర్ షాఫ్టు
ఫొటోలు అడిగింది నేను కాదు. మా వాణ్ని ముందు గవర్నమెంటులోనే వేశా. బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో రంగులు, బల్లలు వచ్చాయి, కాదనను. 2022లో వాడి రెండో తరగతి అయ్యేసరికి 117 జీవో తెచ్చి 3, 4, 5 తరగతులను హైస్కూల్లో కలిపారు. హైస్కూలు లారీలు తిరిగే రోడ్డుకు అవతల. పిల్లోడెలా దాటతాడని అడగడానికి వెళ్తే పెద్దసారు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "పైనుంచి ఆర్డరు, మేమేం చేస్తాం" అన్నాడు. ప్రైవేటులో డైరీలో సంతకం లేకపోయినా ఫోన్ చేసి అడుగుతా, చెప్తారు. డబ్బు కడుతున్నా కాబట్టి చెప్తారు.

నాలుగో లైను
117 ఇప్పుడు లేదు, 2025లో తీసేశారు. మోడల్ ప్రైమరీ స్కూళ్లలో తరగతికో టీచరు.

ఆటోనగర్ షాఫ్టు
మా వాడికి మూడో తరగతి మళ్లీ రాదుగా.

విశ్రాంత లెక్కలు
మన దగ్గరే దీని మీద పెద్ద అధ్యయనం జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు. 2008 నుంచి నాలుగేళ్లు, ఉమ్మడి రాష్ట్రంలో ఐదు జిల్లాలు, 180 గ్రామాలు. లాటరీలో పేరొచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు ఇచ్చారు. 2015లో అచ్చయింది. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వాళ్లూ గవర్నమెంటు బడి పిల్లలూ సమానమే. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. పిల్లవాడి మీద ప్రైవేటు బడి పెట్టే ఖర్చు గవర్నమెంటు ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

నాలుగో లైను
చూశారా, చదువులో తేడా లేదు!

ఆటోనగర్ షాఫ్టు
చూశారా, మూడో వంతు ఖర్చుతో అదే చదువు!

నాలుగో లైను
ఆ మూడో వంతు ఎలా వచ్చింది? డిగ్రీ చదివిన అమ్మాయికి చిల్లర జీతం ఇచ్చి పని చేయిస్తే వచ్చింది.

విశ్రాంత లెక్కలు
హిందీ సంగతి ఎవరూ పట్టించుకోరేం? తెలుగు, లెక్కలకు తక్కువ గంటలు ఇచ్చి కూడా సమానంగా వచ్చారు. మిగిలిన గంటల్లో హిందీ నేర్చారు. అసలు విషయం అది.

ఆటోనగర్ షాఫ్టు
హిందీ వదిలేయండి మాస్టారూ. మేడమ్, మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?

నాలుగో లైను
ఇది వ్యక్తిగతం.

ఆటోనగర్ షాఫ్టు
మా పిల్లల గురించైతే చర్చ, మీ పిల్లల గురించైతే వ్యక్తిగతమా?

నాలుగో లైను
మా అబ్బాయి ప్రైవేటులోనే. నా బడి ఇంటికి గంట దూరం, ఆయన డ్యూటీ వేరే ఊళ్లో. సాయంత్రం ఐదు దాకా ఉంచుకునే బడి కావాలి. చాలా?

సింగ్‌నగర్ అమ్మ
షాఫ్టు అన్నా, పొద్దుట్నుంచి "మా వాడు, మా వాడు" అంటున్నావు. నీకు పాప కూడా ఉందని వేరే చర్చలో రాశావు. పాప ఎక్కడ?

ఆటోనగర్ షాఫ్టు
పాప గవర్నమెంటే. ఇంటి పక్కనే. ఇద్దరినీ ప్రైవేటులో వేసే స్తోమత లేదమ్మా.

సింగ్‌నగర్ అమ్మ
అమ్మఒడి ఇంటికి ఒక్కరికే ఇచ్చారు. ఇప్పుడు ఎంతమంది ఉంటే అంతమందికి. పాప పేరున పడ్డ 13 వేలు ఏమయ్యాయి?

ఆటోనగర్ షాఫ్టు
ఇంట్లో డబ్బుకు పేర్లుంటాయా? వాడి ఫీజుకు కట్టాం.

సింగ్‌నగర్ అమ్మ
మా ఇంట్లోనూ ఇంతే. అన్నయ్య కాన్వెంటు, నేను మున్సిపల్. "ఆడపిల్లకు దగ్గర్లో ఉంటే మంచిది" అనేవాడు నాన్న. ఇష్టం తల్లిదంటున్నావు, మీ ఆవిడను అడిగావా?

ఆటోనగర్ షాఫ్టు
మా ఇంటి సంగతి నీకెందుకు?

నాలుగో లైను
నేను చెప్తున్నది ఇదే కదా. నా తరగతిలో అమ్మాయిలే ఎక్కువ. వాళ్ల అన్నదమ్ములు మా గేటు ముందునుంచే బస్సులో వెళ్తారు.

సింగ్‌నగర్ అమ్మ
మీరు చెప్పకండి మేడమ్. మీ బాబుకు పనికిరాని బడికి నా కూతురు రావాలి, మీ పోస్టు నిలబడటానికి. ఆ సారు తల ఎత్తలేదని అన్నకు కోపం. అన్న డబ్బు కట్టి బయటపడ్డాడు. వాళ్ల పాప ఇంకా అలాంటి సార్ల దగ్గరే ఉంది. ఆ పిల్ల తరఫున వెళ్లి అడిగేదెవరు?

కృష్ణలంక కట్ట
మిగతా 2 వేలు బడి నిర్వహణకు.

నాలుగో లైను
అడగడానికి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంది. చట్టం ప్రకారం ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. షాఫ్టు గారు పాప బడిలో నిలబడొచ్చు.

ఆటోనగర్ షాఫ్టు
పనిరోజు మధ్యాహ్నం మీటింగ్ పెడితే షాపు ఎవరు చూస్తారు?

సింగ్‌నగర్ అమ్మ
నేను ఆ కమిటీలో ఉన్నా. పోయిన మీటింగ్‌లో రిజిస్టరు ముందు పెట్టి సంతకం చేసి వెళ్లమన్నారు. ఏం రాశారో చదువుతానంటే "టైం లేదమ్మా" అన్నారు.