గాజు గదిలో అద్దాలకు నీళ్లు పడుతున్నాయి, మీరేం చేశారు?

ఎండపొడ: చలి మొదలైనప్పటి నుంచి తెల్లారేసరికి మా గాజు గది అద్దాలన్నీ తడిసిపోతున్నాయి. నీళ్లు కారి ఫ్రేముల్లో నిలుస్తున్నాయి, మూలల్లో నల్లగా బూజు కూడా వస్తోంది. డబుల్ గ్లేజింగే, అంటే రెండు పొరల అద్దాలే. ఒకరు హీటర్ పెట్టమంటారు, ఒకరు కిటికీ తీయమంటారు. ఏది వినాలి?

పచ్చనాకు: తడి ఎటువైపు ఉందండీ? బయటివైపైతే పట్టించుకోకండి, లోపలి వేడిని అద్దం బాగానే ఆపుతోంది. రెండు అద్దాల మధ్యలో ఉంటే సీలు పోయినట్టు, ఆ అద్దాల జత మార్చాల్సిందే.

ఎండపొడ: లోపలివైపే. వేలితో గీస్తే గీత పడుతోంది.

తేమలెక్క: అయితే తేమ గదిలోనే ఉంది. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు సుమారు 17 గ్రాముల ఆవిరిని మోయగలదు, 10 డిగ్రీల దగ్గర తొమ్మిది చిల్లరే. మిగిలినది అద్దం మీదికి దిగుతుంది. గది 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే, అద్దం 12 డిగ్రీలకు చల్లబడగానే మొదలు. ముందు తేమ మీటరు ఒకటి పెట్టండి, లేకపోతే ఇక్కడ అందరం ఊహల మీదే కొట్టుకుంటాం.

చలిమంట: హీటర్ ఏ రకం? పొగగొట్టం లేని గ్యాస్ హీటరైతే వెంటనే ఆపేయండి. కిలో గ్యాస్ కాలితే కిలోన్నర పైనే నీరు ఆవిరై గదిలోకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు భయం వేరే.

ఎండపొడ: కరెంటుదేనండీ. కానీ బయట వాన పడుతుంటే కిటికీ తీస్తే ఇంకా తేమ రాదా?

తేమలెక్క: చలికాలంలో రాదు. బయట 5 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్న గాలి కూడా లోపలికొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 35 శాతానికి పడిపోతుంది. ఉక్కపోత రోజుల్లో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది.

పచ్చనాకు: ఒక్క కిటికీ బార్లా తీస్తే గది చల్లబడటం తప్ప పెద్ద లాభం లేదు. కింద ఒక సందు, పైకప్పులో ఒక వెంట్, రెండూ కొంచెం కొంచెం, ఎప్పుడూ తెరిచి ఉండాలి. వేడిగాలి పైనుంచి పోతుంటే కింద నుంచి కొత్తది వస్తుంది. మాకు పనిచేసింది ఇదే. మొక్కలకు నీళ్లు సాయంత్రం కాకుండా పొద్దున పోస్తాను. ఫ్రేము అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి, అవి మట్టితో పూడితే నీళ్లు అలాగే నిలుస్తాయి, చూసుకోండి.

వంటింటిపక్క: వంటగది తలుపు ఈ గదిలోకి తెరుచుకుంటుందా? మాకు సగం ఆవిరి అక్కడిదే. వండేటప్పుడు ఆ తలుపు మూస్తున్నాం, బట్టలు ఆరేయడం మానేశాం.

ఎండపొడ: తలుపు ఉంది, బట్టలూ అక్కడే ఆరేస్తున్నాం! గాలిలో తేమ లాగే యంత్రం, డీహ్యుమిడిఫయర్ కొనాలా మరి?

చలిమంట: ముందు ఆ రెండూ ఆపి మీటరు చూడండి. అప్పటికీ తేమ 60 శాతం దాటుతుంటే కొనండి. చల్లటి గదిలో కంప్రెసర్ రకం (గాలిని చల్లబరిచి నీరు తీసేది) అంతగా లాగదు, డెసికెంట్ రకం (తేమ పీల్చే పదార్థంతో నడిచేది) నయం, కాకపోతే కరెంటు ఎక్కువ తాగుతుంది.