బిళ్ల బంట్రోతు, డవాలా బంట్రోతు ఒకరేనా?

ప్రశ్న: పాత కథల్లో ‘బిళ్ల బంట్రోతు’ అనీ ‘డవాలా బంట్రోతు’ అనీ చదివాను. ఇద్దరూ ఒకరేనా అండీ? మా తాతగారి ట్రంకుపెట్టెలో అరచేయంత ఇత్తడి బిళ్ల ఒకటి దొరికింది, వెనక కొక్కేలున్నాయి. అది ఆ బిళ్లేనా? ఏ కాలం నాటిదో తెలుసుకునే వీలుందా?

జవాబు: మనిషి ఒకడేనండీ. బంట్రోతు అంటే సర్కారు కచేరీలో కాగితాలూ కబుర్లూ చేరవేసే జవాను, ఇప్పటి ప్యూను. డవాలా అంటే భుజం మీంచి ఏటవాలుగా వేసుకునే పట్టా. పారసీలో ‘దవాల్’ అంటే తోలుపట్టీ. తమిళంలోనూ ‘డవాలి’ ఉంది. ఆ పట్టాకి తగిలించేది బిళ్ల. సమను పట్టుకుని ఊళ్లోకి వచ్చినవాడు సర్కారు తరఫున వచ్చాడని, అక్షరం ముక్క రానివాళ్లకి కూడా దాన్ని చూడగానే తెలిసేది. అందుకే ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు ఎవరినైనా బంట్రోతు అని పిలిస్తే చిన్నచూపుగా ఉంటుంది, ఆ వాడుక పోవడమే మంచిది. కానీ పాత రచనలు చదవాలంటే మాట తెలిసుండాలి.

ఇక కాలం సంగతి. ముందు బొమ్మ చూడండి. మూడు సింహాలుంటే 1950 జనవరి 26 తరవాతిది. కిరీటం ఉంటే అంతకు ముందుది. కిరీటంలోనూ తేడా ఉంది: పై కమానులు నడుమ కిందికి దిగినట్టుంటే విక్టోరియా కాలం, గుండ్రంగా గుమ్మటంలా ఉంటే 1901 తరవాత.

బొమ్మ కన్నా పేర్లు ఇంకా గట్టి సాక్ష్యం. ఒట్టి ‘ఆంధ్ర’ రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరు, 1956 నవంబరు మధ్యది. ‘ఒంగోలు జిల్లా’ అని ఉంటే 1970లో జిల్లా ఏర్పడ్డాక, 1972లో ప్రకాశం అని పేరు మార్చకముందు చేసింది. రైల్వే బెల్టు బిళ్లలకీ ఇదే పద్ధతి. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే పేరుంటే 1908కీ 1951కీ నడుమ. నిజాం రైల్వే పేరులో ‘గ్యారంటీడ్’ అన్న మాట ఉంటే 1930కి ముందుది. యూనిఫాం గుండీలకైతే వెనక్కి తిప్పి చూడాలి, చేసిన కంపెనీ పేరూ ఊరూ అక్కడే ఉంటాయి. లండన్ ఫర్మిన్, బర్మింగ్‌హామ్ గాంట్ పేర్లు తరచూ కనిపిస్తాయి.

ఒక్క మాట. చింతపండు పెట్టి తోమకండి, దయచేసి! సన్నగా చెక్కిన అక్షరాలు అరిగిపోతే ఇంకెవరూ చదవలేరు. పొడిగుడ్డతో తుడిచి, ఏటవాలుగా లైటు పడేలా ఫోటో తీయండి.

ప్రశ్న అడిగినవారు: తీశానండీ. గుమ్మటంలాంటి కిరీటమే. కింద ఇంగ్లిషులో ‘కలెక్టర్, గుంటూరు’ అని ఉంది.

జవాబు: చాలా బాగుంది! గుంటూరుకి పూర్వం ఒక కలెక్టరు ఉండేవారు, 1859లో ఆ జిల్లా తీసేశారు. మళ్లీ ఏర్పడింది 1904లో. మీ కిరీటం విక్టోరియాది కాదు కాబట్టి పాత జిల్లా లెక్కలోకి రాదు. 1904కీ 1950కీ మధ్య చేసింది. అయితే ఇది తయారైన కాలం మాత్రమే. తాతగారు ఎప్పుడు పెట్టుకున్నారో, అసలు అది ఆయనదేనో ఆ పెట్టెలోని కాగితాలే చెప్పాలి. సర్వీసు పుస్తకం లాంటిది ఏదైనా ఉందేమో వెతకండి.