మెడ గడ్డ ఎఫ్‌ఎన్‌ఏసీ: కార్సినోమానా, హాడ్కినా?

అనంతపురం పీజీ:
మెడలోని లింఫ్ గడ్డ నుంచి సన్న సూదితో తీసిన కణాలు (ఎఫ్‌ఎన్‌ఏసీ). మధ్యాహ్నం నుంచి ఆ ఒక్క స్లైడు ముందే కూర్చున్నా. చాలా పెద్ద కణాలు, కొన్ని విడిగా, కొన్ని గుంపులుగా. న్యూక్లియోలస్ (కేంద్రకంలోని చుక్క) కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కార్సినోమా (పైపొర కణాల క్యాన్సర్) అని రాయనా, హాడ్కిన్ (ఒక రకం లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్) అని రాయనా? పొద్దున్నే రిపోర్టు ఇవ్వాలి. ఒక్కరైనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కర్నూలు సర్:
గడ్డ తీయించి బయాప్సీకి పంపు.

ల్యాబ్ టెక్నీషియన్:
స్లైడు ఎలా ఆరబెట్టారు మేడమ్? జీమ్సా రంగుకైతే గాలికి ఆరాలి. పాప్ రంగుకైతే తడి ఆరకముందే 95 శాతం ఆల్కహాల్‌లో పడాలి. మన ఎండలకు రాసేలోపే అంచులు ఎండిపోతాయి. అలా ఎండినది ఆల్కహాల్‌లో వేస్తే కేంద్రకాలు ఉబ్బి మసకబారతాయి. గట్టిగా అదిమి రాసినా లింఫాయిడ్ కణాలు నలిగి దారాల్లా సాగుతాయి. స్లైడు చెడితే ఎవరు చూసినా అంతే.

కడప మేడమ్:
వయసెంత? ఏ స్టెయిన్? ఇవి లేకుండా ఏం చెప్తామమ్మా?

అనంతపురం పీజీ:
రాశాననుకున్నా మేడమ్. 17 ఏళ్ల అబ్బాయి, నెలగా జ్వరం. బయట టీబీ మందులు వాడారు, గడ్డ తగ్గలేదు. జీమ్సా.

కడప మేడమ్:
ఇది మొదటి లైన్‌లో ఉండాల్సింది. కణాల మధ్య ఖాళీల్లో చూడు. లేత నీలం గుండ్రటి తునకలు దండిగా ఉంటే అవి లింఫోగ్లాండ్యులర్ బాడీస్ (లింఫ్ కణాల నుంచి తెగిన ముక్కలు), లింఫాయిడ్ వైపు మొగ్గు. గడ్డలోని మామూలు లింఫోసైట్ల నుంచీ రావచ్చు కాబట్టి అదొక్కటే నమ్ముకోకు. గుర్రపు లాడంలా వంగిన కేంద్రకం, ఆ వంపులో లేతగా గోల్గీ ప్రాంతం ఉన్న కణం కోసం వెతుకు. దొరికితే ఏఎల్‌సీఎల్ (అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా) అనుమానించాలి. గుంపులు కడుతుంది కాబట్టే దాన్ని కార్సినోమా అని పొరబడతారు.

అనంతపురం పీజీ:
తునకలు ఉన్నాయి. లాడం కణాలు ఐదారు దొరికాయి!

రిటైర్డ్ ప్రొఫెసర్:
మేం దీన్ని కీ-1 లింఫోమా అనేవాళ్లం.

కర్నూలు సర్:
ఆ పేరు ఇప్పుడు వాడకూడదు సర్. కీ-1 అంటే సీడీ30, కణం మీద ఉండే ఒక ప్రోటీన్ గుర్తు. అది హాడ్కిన్‌లోనూ పాజిటివే.

రిటైర్డ్ ప్రొఫెసర్:
తెలుసు బాబూ. 1982లో దాన్ని పట్టే యాంటీబాడీ వచ్చిందే హాడ్కిన్ కణాల మీద. జర్మనీలోని కీల్ నగరం పేరే కీ.

కడప మేడమ్:
పేరు తర్వాత చూద్దాం. మళ్లీ సూది వేసి సెల్ బ్లాక్ (కణాలను మైనంలో దిమ్మగా పోయడం) చెయ్యి. కణం ఏ రకమో చెప్పే గుర్తుల పరీక్షలు సీడీ30, ఆల్క్, సీడీ3, సీడీ20, సైటోకెరాటిన్ అడుగు. సీడీ45 (తెల్ల రక్తకణాల మామూలు గుర్తు) నెగటివ్ వచ్చినా లింఫోమా కాదనుకోకు, ఇందులో అలా రావచ్చు. రిపోర్టులో లింఫోమా అనుమానం, బయాప్సీ అవసరం అని రాయి. ఆల్క్ పాజిటివ్ రకం ఎక్కువగా ఈ వయసులోనే వస్తుంది, కీమోకి బాగా లొంగుతుంది. పిల్లాడికి ఇంకో నెల వృథా కానివ్వొద్దు.

అనంతపురం పీజీ:
అలాగే రాశా. గురువారం గడ్డ తీస్తారట. థ్యాంక్స్ మేడమ్.

ల్యాబ్ టెక్నీషియన్:
గడ్డను కోయకుండా ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవంలో) వేయొద్దని చెప్పండి. కోస్తేనే లోపలికి దిగుతుంది.