ఆరో తరగతికి ముందు ట్యూషన్ పెట్టించాలా, వద్దా?

నాగావళి గట్టు:
ఊరి బడిలో ఐదు పూర్తిచేసిన పిల్లలు జూన్ 12న హైస్కూల్లో అడుగు పెడతారు. అక్కడ పిరియడ్‌కో టీచరు, అన్నీ కొత్త మొహాలు. బెరుకు పోవాలంటే మే నెలాఖరు నుంచే ట్యూషన్‌లో ఆరో తరగతి మొదటి రెండు పాఠాలు చెప్పించీయాలని శ్రీకాకుళం వైపు చాలామంది తల్లిదండ్రుల మాట. సెలవుల్లో అదేం పని అనేవాళ్ళూ ఉన్నారు. పిల్లలకి చదువు చెప్పేవాళ్ళు కారణాలతో చెప్పండి.

రాజాం లెక్కలు:
వద్దనే అంటాను. రెండు పాఠాలు ముందే వచ్చిన పిల్ల రెండు వారాలు చెయ్యెత్తుతుంది, మూడో పాఠానికి దించేస్తుంది. అప్పుడు పట్టుకునే బెంగ మొదటిరోజు భయం కంటే గట్టిది. "లెక్కలు నాకు రావు" అని పిల్ల తనే తేల్చేసుకుంటుంది.

ఆరులో లెక్కలు ఆగిపోయేది కొత్త పాఠం దగ్గర కాదు, మూడు నాలుగు తరగతుల్లో వదిలేసిన పని దగ్గర. ఒక కాగితం మీద రెండే లెక్కలు ఇచ్చి చూడండి. 402లోంచి 178 తీసెయ్యమంటే 224 రావాలి. 376 వేసిందంటే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసిందన్నమాట. పక్క స్థానం నుంచి అప్పు తేవడం ఇంకా పట్టుబడలేదు. రెండోది, 735ని 7తో భాగించమనండి. 105 బదులు 15 వస్తే, మూడులో ఏడు పోనప్పుడు సున్నా వెయ్యాలని తెలీదు.

తప్పు కొట్టేసి జవాబు చెప్పీకండి. నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు చేతికిచ్చి 178 ఇమ్మనండి. ఎనిమిది బిళ్ళలు లేవు, పది రూపాయల నోట్లూ లేవు. ఒక వందని పది పదులుగా మార్చాలి, అందులో ఒక పదిని మళ్ళీ పది బిళ్ళలుగా మార్చాలి. చేత్తో మార్చాకే కాగితం మీద రాయించండి. రోజుకి 20 నిమిషాలు, ఐదు లెక్కలు. అంతకు మించితే విసుగొస్తుంది.

చీపురుపల్లి హిందీ:
మాస్టారూ, లెక్కల వరకు ఒప్పుకుంటాను. హిందీకి మీ మాట నప్పదు. మన సర్కారు బళ్ళలో హిందీ మొదలయ్యేదే ఆరులో. ప్రైవేటు నుంచి వచ్చిన పిల్లకి చాలాసార్లు అక్షరాలు వచ్చే ఉంటాయి, ఊరి బడి పిల్లకి రావు. ఒకే బెంచీ మీద ఆ తేడా మొదటి వారంలోనే బయటపడిపోతుంది. ఇక్కడ ముందుగా నేర్పడం తప్పు కాదు, న్యాయం.

నేర్పడం కష్టమేం కాదు. హల్లుల వరస తెలుగుదే, క ఖ గ ఘ అనే నడుస్తుంది. రెండు రోజులకో వర్గం చొప్పున 25 అక్షరాలకి పది రోజులు, య నుంచి హ దాకా ఎనిమిదికి మరో మూడు రోజులు. తెలుగు అక్షరం పక్కనే హిందీది రాయించండి. పిల్లలు తికమకపడేది భ, మల దగ్గర, ధ, ఘల దగ్గర. హిందీలో భకీ ధకీ పైగీత మధ్యలో తెగుతుంది, మకీ ఘకీ తెగదు. ఈ ఒక్క గుర్తు చూపిస్తే సగం తప్పులు పోతాయి. గుణింతం జోలికి మాత్రం వెళ్ళకండి, అది బడిలో నేర్చుకోనివ్వండి.

బారువ తీరం:
ట్యూషనా కాదా అని మీరు కొట్టుకుంటన్నారు గానీ, తీరంలో సంగతి వేరండి. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. బడి తెరిచిన రెండు మూడు రోజులకే నాన్న బోటెక్కీస్తాడు, అమ్మ తెల్లారకముందే గంపెత్తుకుని వెళ్ళిపోద్ది. పిల్లని లేపడానికి ఎవరున్నారు? తయారవ్వడం వచ్చిన పిల్లకే ధైర్యం.

సెలవుల్లో రాత్రి 11కి పడుకుంటున్న పిల్ల 9:30కి పడుకోవాలంటే ఒక్క రోజులో అవదు. రెండు రోజులకోసారి పావుగంట ముందుకి జరపండి. గంటన్నరకి ఆరు మెట్లు, పన్నెండు రోజులు. అంటే మే 31న మొదలెట్టాలి. సంచి రాత్రే సర్దించండి, పిల్ల చేతే. పొద్దున్న చద్దన్నమో చోడి (రాగి) అంబలో కడుపులో పడకుండా పంపకండి.

ఇంకొకటి ఆడపిల్లల తల్లులకి. కొత్త బడిలో బాత్రూముకి అడగడానికి సిగ్గుపడి నీళ్ళు తాగడమే మానేస్తారు. రోహిణి ఎండలు పోయినా మన దగ్గర ఉక్క పోదు కదా. మధ్యాహ్నానికి తలనొప్పి, అదే అలవాటైతే మూత్రంలో మంట. "టీచర్, బాత్రూముకి వెళ్ళొస్తాను" అని గట్టిగా అనడం ఇంట్లోనే అలవాటు చెయ్యండి. బాత్రూము ఎక్కడుందో తోటి పిల్లతో కలిసి మొదటిరోజే చూసి రమ్మనండి. అర లీటరు సీసా భోజనం గంటకి ఖాళీ అవ్వాలి.

బొబ్బిలి పేరెంట్:
అన్నీ బాగానే ఉన్నాయి. కూలికెళ్ళి పొద్దుగూకి వచ్చే మనిషికి ఈ నోట్ల లెక్క చెప్పే ఓపికేదండీ? చదువు రాని అమ్మ హిందీ అక్షరాలు ఎలా దిద్దిస్తుంది? ట్యూషన్ వద్దనడం చదువుకున్న ఇళ్ళకి చెల్లుతుంది.

రాజాం లెక్కలు:
ఆ మాట కాదనలేను. అలాంటప్పుడు ట్యూషన్‌కే పంపండి, కానీ ఏం చెప్పాలో మీరు చెప్పండి. "ఆరో తరగతి పాఠం ముట్టుకోవద్దు, ముందు ఈ రెండు లెక్కలు పెట్టి ఎక్కడ ఆగుతోందో చూడండి" అని కాగితం చేతికివ్వండి. వీధిలో పదో తరగతి రాసిన పిల్ల ఉంటే ఆమే చాలు. హిందీ విషయంలో టీచరు గారి మాటే సరైనది, అది కూడా ఆ పిల్లకే అప్పజెప్పండి.

ఇంగ్లీషు మీడియంతో ఒక చిక్కుంది. లవం, హారం తెలిసిన పిల్ల న్యూమరేటర్, డినామినేటర్ అనగానే బిక్కమొహం వేస్తుంది. లెక్క రాక కాదు, పేరు తెలీక. ఐదో తరగతి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది కదా. ముందు తెలుగు పేజీ చదివించి, ఆ మాటలు ఎదురు పేజీలో వెతికి కింద గీత గీయించండి. రోజుకి నాలుగు మాటలు. అమ్మకి చదువు రాకపోయినా "ఇవాళ ఏవి గీశావు, చూపించు" అని అడగొచ్చు.

చీపురుపల్లి హిందీ:
మొదటి వారం ఒకసారి బడికి వెళ్ళి క్లాస్ టీచర్ని కలవండి. "మా పిల్ల ఎలా చదువుతోంది" అంటే "బాగానే" అన్న జవాబే వస్తుంది. "ఏ పిరియడ్‌లో మాట్లాడట్లేదు, ఎవరి పక్కన కూర్చుంటోంది" అని అడగండి. చూపు సరిగా లేక వెనక బెంచీలో బోర్డు కనపడని పిల్లలు నోట్సు పక్కదాంట్లో చూసి రాసుకుంటారు. అది చదువు రాకపోవడంలాగే కనిపిస్తుంది. ఆ అనుమానం ఉంటే ముందు బెంచీ అడగండి, తర్వాత కళ్ళ పరీక్ష చేయించండి.